ఎర్రగీతలో పదకొండు మంది

పెద్దమేడం గారికి మూలషాపు టైలరు నమస్కరించి రాసేది.

మీ బడి ఫలితాల కార్డు ముట్టింది. ముట్టినప్పటి నుంచి కాలు కాలిన పిల్లిలా షాపులో తిరుగుతున్నాను. మిషను ముందు కూర్చుంటే కుట్టు వంకర పోతోంది. మూడో తరగతి చదవడం దగ్గర ఇంత ఎర్రగీత! దాని పక్కన ముప్పై తొమ్మిది శాతం. అంటే ఏమిటండీ? పిల్లలు పేజీలో ముప్పై తొమ్మిది శాతం చదివి, మిగతాది రేపు చూద్దాంలే అని పుస్తకం మూసేస్తున్నారా?

హాజరు తొంభై ఒక్క శాతం అన్నారు. మంచిదే. కానీ నేను లెక్క కట్టాను. బడిలో ఉన్నది అరవై ఒక్క మంది. అందులో తొమ్మిది శాతం అంటే ఐదున్నర మంది. ఐదుగురు రాలేదంటే జ్వరమో, బద్ధకమో అనుకుంటాం. ఆ అర పిల్లాడెవరు? మిగతా సగం ఏ ఇంట్లో ఉంటున్నాడు?

రోడ్డవతల బడి కార్డులో అదే గీత పచ్చగా ఉంది. అరవై ఎనిమిది శాతం. వాళ్ల దరఖాస్తు ఫారం తెచ్చి కత్తెర కింద పెట్టుకున్నాను. ముప్పయ్యో తేదీ ఆఖరు. పక్కనే ఇస్త్రీ బండి పెట్టే ఆయనకు కవలలున్నారు కదా, మీ దగ్గరే రెండో తరగతి. "నువ్వేం చేస్తే నేనూ అదే అన్నా" అంటున్నాడు.

మా అమ్మాయి ఆస్పత్రిలో నర్సు. తన డ్యూటీలు తనకే తెలియవు. అందుకని మనవరాలు పిచ్చుక చదువు పూర్తిగా నా పూచీ. వెంటనే జవాబు రాయండి.

ఇట్లు,
కుదురు లేని టైలరు

తా.క.: మా పిచ్చుక రోజూ పొద్దున్నే పేపరంతా గడగడా చదివి వినిపిస్తుంది. వీధిలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు, నేనే చెప్పాను కాబట్టి. అలాంటి పిల్ల ఉన్న క్లాసుకి ఎర్రగీత ఎలా వచ్చింది?

~

టైలరు మాస్టారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. అక్షరానికి అరచేయంత చోటు తీసుకుని రాశారు. మీరంత పెద్దగా కేకలు వేయక్కర్లేదండీ, మామూలుగా రాసినా వింటాను.

మూడో తరగతిలో ఉన్నది పద్దెనిమిది మంది. చదివే పరీక్షలో ఉండాల్సిన స్థాయికి వచ్చినవాళ్లు ఏడుగురు, రానివాళ్లు పదకొండు మంది. ఆ ఏడుగురే ముప్పై తొమ్మిది శాతం. ఇంకొక్క పిల్ల చదవడం నేర్చుకుంటే అంకె ఒక్కసారిగా ఐదున్నర పెరుగుతుంది. రోడ్డవతల బడిలో మూడో తరగతి నూట ఇరవై మంది. అక్కడ ఒకరు నేర్చుకున్నా, నేర్చుకోకపోయినా గీత కదలదు. పెద్ద బడినీ చిన్న బడినీ ఒకే గీతతో పోల్చకండి.

నా బెంగ కూడా చెబుతాను. మా పిల్లలు అరవై కంటే తగ్గితే ఈ బడిని ఎత్తేసి ఆ పెద్ద బడిలో కలిపేస్తారు. ఒక్కరు పోతే అంచు మీద ఉంటాం. ఇద్దరు పోతే అంతే.

కార్డులో పేర్లుండవు. పేర్లు ఎవరికి వాళ్లకే చెప్పాలి. మీ మనవరాలి సంగతి మీతో ఎదురుగా మాట్లాడాలి. బుధవారం ఆఖరి గంట కొట్టాక తప్పకుండా రండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు

తా.క.: ఒకరోజు నలుగురు మానేస్తారు, ఒకరోజు ఏడుగురు. సగటు కడితే అర వస్తుంది. పిల్లలందరూ నిండుగానే ఉన్నారు, కంగారు పడకండి.

~

పెద్దమేడం గారికి నమస్కారం.

మా పిచ్చుక క్లాసులో ఫస్టని రాసినందుకు సంతోషం. ఆ మాట వినగానే నెత్తిన పాలు పోసినట్టయింది. కానీ బడికి రంగులేస్తున్నారు, పదిహేను రోజులు పెద్దవాళ్లెవరూ గేటు దాటకూడదు అన్నారే, అది నచ్చలేదు. నాకేం రంగు అంటుకుంటుంది? అరవై ఏళ్ల మనిషిని, గోడలు పట్టుకు నడుస్తానా?

ఇంకోటి. కార్డులో ఎరుపంటే అన్నిటికన్నా పై రంగని రాశారు. మీ మాట మీద గౌరవంతో ఇస్త్రీ ఆయనకి అదే చెప్పాను. ఆయన నవ్వి నవ్వి పెట్టె చొక్కా మీదే వదిలేశాడు. చొక్కా మాడింది. అది నేను కుట్టిన చొక్కా. ఎరుపు పై రంగైతే రోడ్డవతల వాళ్లు పచ్చగా ఉండి ఎందుకు మురిసిపోతున్నారు?

నాకు ఆగడం చేతకాదు. ఆ పదకొండు మందీ ఎవరో నేనే కనుక్కుంటాను. మీ బడి పిల్లలు షాపు ముందు నుంచే కదా పోవాలి. నిన్న ముగ్గుర్ని ఆపి నా బోర్డు చదవమన్నాను. ఇద్దరు చదివారు. ఒకడు పారిపోయాడు. వాణ్ని రాసుకున్నాను. ఇంకా పదిమంది దొరకాలి.

ఇట్లు,
టైలరు

తా.క.: పారిపోయినవాడు మూడో తరగతి కాదట, అసలు మీ బడే కాదట. లెక్క మళ్లీ మొదటికి వచ్చింది.

~

టైలరు మాస్టారికి,

ఏం రంగులండీ? బడికి రంగులేసి పన్నెండేళ్లయింది. మీ పిల్ల ఫస్టని గానీ, ఎరుపు పై రంగని గానీ నేను ఎక్కడా రాయలేదు. బుధవారం ఐదింటి దాకా మీ కోసం కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కంగారులో చదివినట్టున్నారు. ఈసారి నిదానంగా, రెండుసార్లు చదవండి.

ఎదురుగా చెప్పాల్సిన మాట కాగితం మీద పెడుతున్నాను, తప్పడం లేదు. మీరు వీధిలో వెతుకుతున్న పదకొండు మందిలో మీ మనవరాలు ఉంది.

తెలివి తక్కువై కాదు. ఆ పిల్ల జ్ఞాపకశక్తి చూస్తే నాకే భయమేస్తుంది. పాఠం ఒక్కసారి వింటే చాలు, పుస్తకం ముందు పెట్టుకుని వేలు జరుపుతూ మొత్తం అప్పజెబుతుంది. పోయిన వారం పుస్తకం తలకిందులుగా పట్టుకుంది, అయినా ఒక్క మాట పొల్లు పోలేదు. అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ దొరకలేదు. కొత్త పేజీ ఇస్తే మాత్రం ఆగిపోతుంది. రోజూ అరగంట నా దగ్గర కూర్చోబెట్టండి, ఆరు నెలల్లో దారిన పడుతుంది. ఇప్పుడు బడి మారిస్తే, అక్కడ సెక్షనుకు నలభై మంది, ఆ మధ్యలో మళ్లీ దాక్కుంటుంది.

శనివారం పదింటికి నేనే మీ షాపుకొస్తాను. ఎక్కడికీ వెళ్లకండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు

తా.క.: దయచేసి పిల్లల్ని రోడ్డు మీద ఆపి పరీక్షలు పెట్టకండి. పద్యం చెప్పరా అంటే మా రెండో తరగతి వాడు లేచి నిలబడి, "ఆల్టరేషన్లు గంటలో చేయబడును, పాత బాకీలు అడగబడును" అని రాగం తీశాడు.

~

మేడం గారికి,

ఈసారి నమస్కారం కూడా పెట్టబుద్ధి కావడం లేదు. అయినా పెడుతున్నాను.

శనివారం వీధంతా దోమల మందు కొడతారు, పదింటికల్లా షాపు మూసి దూరంగా వెళ్లిపొమ్మన్నారు. మూశాను. ఊరి ఆ చివర మా అక్క ఇంటికెళ్లి సాయంత్రం దాకా ముక్కుకి గుడ్డ కట్టుకుని కూర్చున్నాను. మందూ లేదు, మాకూ లేదు. దోమలన్నీ క్షేమం. మా అక్క "నీకు మతి పోయిందిరా" అంది.

పైగా ఆ పదకొండు మందికీ రోజూ అరగంట మా పిచ్చుక పాఠం చెప్పాలా? జీతం మీకు, చాకిరీ ఎనిమిదేళ్ల పిల్లకా? బాగుందండీ వరస! రోజుకో మాట రాసే బడిలో నా మనవరాలు ఉండక్కర్లేదు.

ఫారం నింపించి సంతకం పెట్టేశాను. ఇస్త్రీ ఆయన కూడా కవలలకు పెట్టేశాడు. ఇరవై తొమ్మిదిన రోడ్డవతల బడిలో అందరి ముందూ పైకి చదివించి చేర్చుకుంటారట. చదివించనివ్వండి. అక్కడ వాళ్ల నోళ్లు మూతపడతాయి. పిచ్చుక మాత్రం రెండ్రోజులుగా అన్నం సరిగా తినడం లేదు. స్నేహితుల్ని వదలాలని దిగులు కాబోలు.

ఇట్లు,
టైలరు

తా.క.: సోమవారం నాకు కంటి ఆపరేషను. వారం దాకా ఏమీ రాయలేను. మీరు సంతోషించవచ్చు.

~

మాస్టారూ,

శనివారం మూసిన మీ షాపు ముందు గంటన్నర నిలబడ్డాను. ఇస్త్రీ ఆయన జాలిపడి స్టూలు వేశాడు.

నేను ఒకటి రాస్తే మీకు ఇంకొకటి ఎలా ముడుతోందో ఎంత ఆలోచించినా తట్టడం లేదు. మీ ముగ్గురు పిల్లలూ పోతే మేం యాభై ఎనిమిది. బడి ఉండదు. దాని గురించి బతిమాలడం లేదు. మీరు కోపంతో ఉన్నారు, మీ ఇష్టం.

ఒక్కటే అడుగుతాను. ఇరవై తొమ్మిదిన ఆ పిల్లను అంతమంది ముందు నిలబెట్టకండి. తనెప్పుడూ చూడని పేజీ చేతికిస్తారు. అందరూ తననే చూస్తారు. మీకు దండం పెడతాను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు

తా.క.: కన్ను జాగ్రత్త. నలక పడనివ్వకండి.

~

పెద్దమేడం గారికి టైలరు చేతులు జోడించి రాసేది.

నిన్న కట్టు విప్పారు. కొత్త కళ్లద్దాలు ఇచ్చారు. ఇంటికి రాగానే సొరుగులోంచి మీ ఉత్తరాలు తీసి వరసగా చదివాను. మూడూ నేనే చదివాను మేడం, మొదటిసారి.

రెండేళ్లుగా నాకు చిన్న అక్షరం కనబడదు. కుట్టు చేతి వాటంతో నడిచిపోతోంది. రాసేటప్పుడు నాకు కనబడేంత లావుగా రాస్తాను, మీరు కేకలనుకున్నారు. పేపరైనా, మీ ఉత్తరమైనా పిచ్చుకే చదివి చెప్పాలి. మీ ఉత్తరాల్లో దానికి పదకొండు, అరగంట, శనివారం, మనవరాలు లాంటి తెలిసిన మాటలు కొన్ని దొరికాయి. మిగతాది భయపడి అల్లేసింది. రంగులు అదే వేసింది, మందూ అదే కొట్టింది.

పేపరు సంగతి అడక్కండి. జిప్పుల ఫ్యాక్టరీ మూసేశారని చదివింది, నేను నాలుగు పెట్టెలు కొని దాచాను. పొద్దున్నే పాలు తాగితే పిల్లలు ఎత్తు పెరగరని డాక్టర్లు కనిపెట్టారని చదివింది. అది నేను వీధంతా చాటాను. నాలుగిళ్లలో పాలు మానేశారు. ఇప్పుడు ఇంటింటికీ తిరిగి మళ్లీ పట్టమని చెప్పాలి.

కోపం వచ్చింది. ఎదురుగా కూర్చోబెట్టి "ఎందుకే ఇలా చేశావు" అన్నాను. కింద పడిన గుడ్డముక్కలు ఏరింది. తర్వాత అంది, "నాకు చదవడం వచ్చని నువ్వు అందరికీ చెప్పావుగా తాతా. రాదంటే నీ పరువు పోదా?"

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రోడ్డు మీద పిల్లల్ని ఆపి వెతికాను గానీ, పక్కన కూర్చుని నా సూదిలో దారం ఎక్కిస్తున్నదాన్ని చూడలేదు. దాన్ని పట్టుకుని ఏడ్చాను. డాక్టరు ఏడవకూడదన్నాడు, అయినా ఏడ్చాను.

ఫారం చింపేశాను. ఇస్త్రీ ఆయన దగ్గరకెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను, "నా మనవరాలికి చదవడం రాదు" అని. అందరూ వినేలానే చెప్పాను. నవ్వలేదు. "మావాళ్లకి మాత్రం ఏం వచ్చో అన్నా" అని, వాళ్ల ఫారాలూ చింపాడు. మీ అరవై ఒక్క మందీ మీ దగ్గరే ఉన్నారు.

రేపటి నుంచి రోజూ ఆ అరగంటకి పిచ్చుకను నేనే తీసుకొస్తాను. నాకూ ఓ మూల కుర్చీ వేయండి. నోరెత్తను. ప్రయత్నిస్తాను.

ఇట్లు,
పిచ్చుక తాత

తా.క.: కింది లైను పిచ్చుక చెప్పగా నేను లావుగా రాశాను. రాత్రి నుంచి వేలు పెట్టి కూడబలుక్కుంటోంది. మీ ముందు నిలబడి అదే చదువుతుంది. ఎంతసేపైనా సరే, మధ్యలో మాట అందించకండి.

"మేడం, నాకు కథలు వచ్చు. చదవడం రాదు. నేర్పండి."