మా వంశంల సర్ది గూడ రాదు

గద్వాల, జూన్ 9

చిన్నమ్మత్తకు నీ మేనకోడలు శ్రుతి నమస్కారాలు.

ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెడతవు, వాడకట్టంతా వింటది. అందుకే రాస్తున్న. మొన్న ఇక్కడి దవాఖానకు పోయిన. డాక్టరమ్మ ఒక ఫారం ఇచ్చింది. మీ ఇంట్లో క్యాన్సర్ ఎవరెవరికి వచ్చింది, ఎన్నేళ్లప్పుడు వచ్చింది, అన్నీ రాయాలంట. నాయినను అడిగితే బర్రెలకు గడ్డి వేయాలని లేచి బయటికి పోయిండు. నాయినమ్మ, సవారమ్మ పెద్దత్త, భీమన్న చిన్నాయిన, ముగ్గురూ దేంతో పోయిండ్రు? నాకు ముప్పై నిండుతున్నయి. భయమైతుంది అత్తా. జర నిజం రాయి.

ఇట్లు,
శ్రుతి

తా.క.: వనపర్తి సంబంధం వాళ్లు పై ఆదివారం వస్తున్నరు.

*

తెలకపల్లి, జూన్ 14

బంగారు తల్లి శ్రుతిని మేనత్త చిన్నమ్మ దీవించి రాసేది.

ఉత్తరం అందింది. తా.క. చదవంగనే అంతా సమజైంది. ఆ ఫారం ఎవరు పంపిండ్రో నాకు తెల్వదా? వనపర్తోళ్లు! పిల్ల ఇంట్ల రోగాలున్నయా అని వాళ్లు అడుగుతరు, లేవని మనం అంటం. మా అక్కచెల్లెండ్ల పెండ్లిళ్లన్నీ గట్లనే అయినయి. నువ్వేం పరేషాన్ గాకు, నేను చెప్పింది రాయి.

మీ నాయినమ్మ: పాము కరిచి పోయింది.
సవారమ్మక్క: పిడుగు పడి పోయింది.
భీమన్న: పాము కరిచే. గని అది వేరే పాము.

మా వంశంల సర్ది గూడ రాదని కింద గీత గీసి రాయి.

దీవెనలతో,
అత్త

తా.క.: నువ్వు భయపడి నిజం చెప్తవేమో అని, ఆ డాక్టరమ్మకు గూడ నేనే ఒక కార్డు రాసిన.

*

గద్వాల, జూన్ 20

అత్తకు శ్రుతి నమస్కారాలు.

డాక్టరమ్మ నీ కార్డు నా ముందల పెట్టింది. "మీ ఇంటోళ్లకు నేనెందుకమ్మా, పాములు పట్టేటోడు కావాలె" అన్నది. అక్కడ నవ్విన. బయటికొచ్చి ఏడ్చిన.

పిడుగు పడ్డ మనిషికి ఆరు నెలల ముందే జుట్టు ఎట్లా ఊడింది అత్తా? నాకప్పుడు పదకొండేళ్లు. పెద్దత్త తలకు రుమాలు నేనే కట్టేదాన్ని.

ఆ ఫారం వనపర్తోళ్లది కాదు. ఆ పిల్లగాడు లక్ష్మణ్‌కు నేనే అన్నీ చెప్పిన. "మా ఇంట్ల అందరికీ షుగరుంది, దానికేమన్న ఫారముందా?" అని అడిగిండు.

రోజూ స్నానం చేసేటప్పుడు గడ్డ ఏమన్న ఉందా అని చేత్తో తడుముకుంటున్న. ఏమీ దొరకకపోయినా భయం పోతలేదు. ఇది తరతరాలుగా వస్తున్నదో కాదో తేలాలంటే, జబ్బు వచ్చినవాళ్లలో బతికున్నోళ్ల నెత్తురు ముందు చూడాలంట. అప్పుడే నా పరీక్షకు సరైన జవాబు దొరుకుతదంట. అందరూ పోయిండ్రని చెప్పిన. మనింట్లో ఒక్కరన్నా లేరు అత్తా.

ఇట్లు,
శ్రుతి

తా.క.: ఇంక పాముల ఊసెత్తకు.

*

తెలకపల్లి, జూన్ 26

నా బిడ్డ శ్రుతికి అత్త రాసేది.

ఫారం తీసి రాసుకో. మీ నాయినమ్మకు రొమ్ముల గడ్డ, నలభై ఎనిమిదేండ్లు. సవారమ్మక్కకు అదే, నలభై ఒకటి. భీమన్నకు కడుపుల గడ్డ, యాభై రెండు.

నీ పెండ్లి కోసమే అబద్ధం రాస్తున్న అనుకున్న. అంతే కాదు బిడ్డా. నిజం రాయబోతే ఇంకో పేరు గూడ రాయాల్సొస్తదని భయం.

ఉగాదప్పుడు నాకు ఎడమపక్క పల్లిగింజంత గడ్డ తగిలింది. మీ మామకు కండ్లద్దాలకని చెప్పి నాగర్‌కర్నూలు పోయి చూపిచ్చుకున్న. ముక్క తీసి పరీక్ష చేసిండ్రు. కాయితమొచ్చి నెలైంది, బియ్యం డబ్బ అడుగున దాచిన. అదే అని ఉంది. అప్పటిసంది బియ్యం పైపైననే తీస్తున్న, అడుగుకు చెయ్యి పోనిస్తలేను.

మనింట్లో ఒక్కరన్నా లేరని రాసినవు. ఉన్నరు, రాసుకో: చిన్నమ్మ, యాభై ఆరేండ్లు, బతికే ఉంది. నెత్తురు ఎంత కావాల్నో తీసుకోమను.

మంగళవారం పొద్దుగాల బస్సుకొస్త. బస్టాండుకు రా. నాకు శానా భయమైతుంది.

నీ అత్త,
చిన్నమ్మ

తా.క.: ఈ ఉత్తరం మీ మామతోనే పోస్టు చేపిస్తున్న. ఊళ్లె ఎవరి ఉత్తరం దొరికినా చదవందే ఊకోడాయన. అందుకే కవరు అంటించలే. నోటితోని చెప్పుడు నాతోని అయితలేదు.