తొమ్మిదో గడి

నీటి పరీక్షశాల అధికారి గారికి,

మా ఆవిడ పేరిట మీరు రాసిన ఉత్తరం అందింది. రెండో నమూనా ఎందుకు రాలేదని అడిగారు.

ఆఖరి రోజు ఆవిడ ఆరింటికి లేచింది. డాబా మీద ఎండుతున్న అరటి తొక్కలు తిరగేసి వచ్చింది. "ఆ డబ్బా పరీక్షశాలకి పంపాలండీ, మర్చిపోకండి" అంది. నేను పేపర్లోంచి తలెత్తకుండా "ఊఁ" అన్నాను. ఏ డబ్బా అని అడగలేదు. పదకొండింటికి గుండె ఆగింది.

మా వీధిలోని బ్యాటరీ షాపు నుంచి వచ్చే మురుగునీళ్లలోని సీసం లోహాన్ని ఆ తొక్కల పొడి లాగేస్తుందని మీ ఉత్తరం వల్లే తెలిసింది. పై అరలో దొరికిన పొడి పంపుతున్నాను.

ఇట్లు,
దరఖాస్తుదారు భర్త

తా.క. వంటింట్లో ఏది ఎక్కడుంటుందో నాకు తెలియదు. గరిటె దొరకడానికే నాలుగు రోజులు పట్టింది.

*

అయ్యా,

మా సానుభూతి. ఆవిడ మొదటి నమూనా సీసాన్ని నూటికి ఎనభై పాళ్లు పట్టేసింది. మీరు పంపినది నీళ్లలో వేయగానే కరిగిపోయింది. నీళ్లలో సీసం ఉన్నది ఉన్నట్టే ఉంది. ఆవిడ తన పద్ధతి ఏమైనా మార్చారా? నెల రోజుల్లో సరైన నమూనా అందకపోతే పరీక్ష కోసం ఆవిడ పెట్టిన దరఖాస్తు మూసేయాలి.

భవదీయురాలు,
పరీక్షాధికారి

తా.క. వాసన మాత్రం బ్రహ్మాండంగా ఉందని మా వాళ్లంతా ఆ బల్ల చుట్టూనే తిరుగుతున్నారు.

*

అమ్మా,

ముప్పయ్యేళ్లు పిల్లలకు సైన్సు చెప్పిన మనిషి. పద్ధతి మార్చదు. లోపం మీ గాజు గొట్టాల్లో చూసుకోండి.

ఇట్లు,
ఆవిడ భర్త

తా.క. వాసన సంగతి నాకు తెలియదు. ఆవిడ పోయినప్పటి నుంచి జలుబు. కాఫీ కూడా గడ్డి నానబెట్టినట్టుంది, గ్లాసు అడుగున మడ్డి దిగుతోంది. ఆవిడ లేని కాఫీ ఇలాగే ఉంటుందనుకుని మూడు వారాలుగా తాగుతున్నాను.

*

అయ్యా,

ఆ కాఫీ వెంటనే మానేయండి. మాకు పంపింది ఇన్‌స్టంట్ కాఫీ పొడి. మీరు తాగుతున్నది ఆవిడ నమూనా. భయం లేదు, అది మురుగు తగలని పొడి. మిగిలింది పంపండి. యాభై గ్రాములైనా కావాలి.

భవదీయురాలు,
పరీక్షాధికారి

తా.క. ఆవిడ దరఖాస్తు నకలు జతచేశాను. తొమ్మిదో గడి చూడండి.

*

అమ్మా,

మీ గాజు గొట్టాలకు నా క్షమాపణ. రెండు చెంచాలే మిగిలింది.

తొమ్మిదో గడి చూశాను. 'సహాయకులు' అన్నచోట రాసింది: "మా ఆయన. రోజూ రెండు అరటిపళ్లు తింటారు. ఎందుకో ఆయనకు చెప్పలేదు. చెబితే నవ్వుతారు."

నవ్వేవాణ్ణే. పళ్లు నా ఆరోగ్యానికనుకున్నాను. తొక్కలు చూసి "ఇది డాబానా, పశువుల కొట్టమా" అన్నాను. ఆవిడ వాటిని ఓ మూలకు జరుపుకుంది. ఆవిడ పోయిన రోజు చుట్టాలు ఊడ్చేయడంతో ఆ మూల ఇప్పుడు ఖాళీగా ఉంది.

తొక్కలు ఎండడానికి ఆరు రోజులని దరఖాస్తులో ఆవిడే రాసింది. గడువు సరిపోతుంది.

ఇట్లు,
తొమ్మిదో గడిలోని సహాయకుడు

తా.క. రేపు ఉదయం ఒక గెల కొని బ్యాటరీ షాపుకు వెళతాను. అక్కడందరికీ పంచి, తొక్కలు అడిగి తెచ్చుకుంటాను. రెండు నేను తింటాను. ఎందుకో అందరికీ చెబుతాను.