పొగకు దడిసి వెళ్లిన కీచురాళ్లు

మలాంగ్,
ఫిబ్రవరి 8, ఆదివారం.

చిరంజీవి వెనింగ్‌కు,

అస్సలాము అలైకుమ్. దేవుడి దయవల్ల ఇక్కడ మీ అమ్మ, నేను, నీ ఊసరవెల్లి గెంబుల్ ముగ్గురం కులాసా. అక్కడ నీ ఒంటికి, చదువుకి, కడుపుకి ఏ లోటూ లేదని తలుస్తాను. మీ హాస్టల్లో ఫోన్లు ఉండనివ్వరు కాబట్టి నా కోడిగీతలు చదవడం నీకు తప్పదు తల్లీ.

నీ ఉత్తరం అందింది. పండగ సెలవులకు ఇంటికి రానని రాశావు. అమ్మ దగ్గర పడుకుంటే నాయనమ్మ అలుగుతుందనీ, నాయనమ్మ దగ్గర పడుకుంటే అమ్మ ఏడుస్తుందనీ, ఈ బాధ కంటే హాస్టలే నయమనీ రాశావు. అది మీ అమ్మ మళ్లీ మళ్లీ చదివింది. బక్సో బండికి మాంసపు ఉండలు చుడుతూ నేనూ దాని గురించే ఆలోచించాను. మీ నాన్న పోయిన రెండేళ్లకు నేను మీ అమ్మను చేసుకున్నాను. ఆ రోజు నుంచే మీ నాయనమ్మ మన గడప తొక్కడం మానేసింది. అందుకే ఈ ముడి విప్పాల్సింది నేనే అనిపించింది.

ముందు గెంబుల్ సంగతి చెప్తాను. బాగా తింటున్నాడు, కాకపోతే మీ అమ్మ చేత్తోనే. నేను పట్టకారుతో కీచురాయిని అందిస్తే ఒక కన్ను నా మీద, ఒక కన్ను గోడ మీద పెట్టి, పిలవని పేరంటానికి వచ్చినవాణ్ణి చూసినట్టు చూస్తాడు. కీచురాళ్ల పెంపకం మాత్రం నాదే. సంతలో దొరికే కీచురాళ్లు ఖాళీ కడుపుతో ఉంటాయి, అవి తింటే వాడికి బలం రాదని నువ్వే చెప్పావు కదా. అందుకే మీ నాన్న వదిలివెళ్లిన పెట్టెల్లోనే గుడ్లు పొదిగిస్తున్నాను. బొప్పాయి ఆకు, క్యారెట్ ముక్కలు వేస్తే పెద్దవి బాగానే పెరుగుతున్నాయి. గుడ్లే నన్ను ఏడిపించాయి. తడిబట్టలో మూటగట్టిన ప్రతిసారీ బూజు పట్టేవి. బక్సో పులుసు కాచుకుని బతికేవాణ్ణి కదా, తడి ఎంత ఉంటే అంత మంచిదనుకున్నాను.

ఇంతలో, పన్నెండు రోజుల కిందట, మన వీధిలో ఇద్దరికి డెంగీ వచ్చింది. వీధి పెద్ద సుగెంగ్ గారు మసీదు మైకులో చాటించారు: గురువారం దోమల పొగ కొడతారు, అన్నాలు మూసిపెట్టి అందరూ బయటికి రావాలని. ఆ పొగకు దోమ అనీ కీచురాయి అనీ తేడా తెలియదు. పక్కింట్లో పెడదామంటే అక్కడా అదే పొగ. ఏటి అవతల వీధికి మాత్రం పొగ లేదు. అక్కడ మనకు తెలిసిన గుమ్మం ఒక్కటే, మీ నాయనమ్మది.

బండి మీద గిన్నెలు దించేసి, పెట్టెలు, గెంబుల్ పంజరం కట్టుకుని తుంపరలోనే తోసుకుంటూ బయలుదేరాను. వంతెన మీద కుర్రాళ్లు 'ఏం బక్సో అన్నా, ఇవాళ ఉండలు కూతపెడుతున్నాయేంటి?' అని ఒకటే నవ్వు. 'తాజా సరుకు తమ్ముడూ, నోట్లో వేసుకున్నాక కూడా పాడతాయి' అన్నాను.

మీ నాయనమ్మ తలుపు తీసి నన్ను చూసింది. ఆ నిమిషంలో ఆవిడ ముఖంలో మారినన్ని రంగులు గెంబుల్ పుట్టి బుద్ధెరిగాక మార్చి ఉండడు. 'పొగ మీ వీధికైతే నా వాకిట్లో ఏం పని?' అంది. 'వెనింగ్ ఊసరవెల్లి తిండమ్మా, పొగ తగిలితే చచ్చిపోతాయి' అన్నాను. కాసేపు పెట్టెల వంక చూసి, 'అవి లోపలికి. నువ్వు బయటే' అంది. నేను అరుగు మీద కూర్చున్నాను. కాసేపటికి కిటికీలోంచి కాఫీ గ్లాసు వచ్చింది. చక్కెర లేదు, అయినా తాగాను.

మర్నాడు పెట్టెలు తెచ్చుకుందామని వెళితే గుడ్ల మూట చేతిలో పట్టుకుని వాసన చూస్తోంది. 'ఏమయ్యా, గుడ్లు పొదిగిస్తున్నావా, పచ్చడి పెడుతున్నావా? మా వాడు బట్టను గట్టిగా పిండి పరిచేవాడు. ఇక ఇవి పగిలేదాకా పెట్టె కదపడానికి వీల్లేదు' అంది. సరే అన్నాను. కానీ గెంబుల్ నా చేతిలోదీ తినడు, ఆవిడ చేతిలోదీ తినడు. రెండు రోజులు మొండికేశాడు. చివరికి మీ అమ్మే రావలసి వచ్చింది.

మీ అమ్మ చెప్పులు విడిచి గుమ్మం బయటే నిలబడిపోయింది. 'అత్తయ్యా' అంటూనే ఏడ్చేసింది. నాయనమ్మ తలెత్తకుండా 'టూటిక్, ఆ ఏడుపేదో తర్వాత ఏడుద్దువు గానీ, వచ్చి ఈ బట్ట పిండు. నీ మొగుడి చేతులు ఉండలు చుట్టడానికే పనికొస్తాయి' అంది. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని బట్ట పిండారు. పాత సంగతులెవరూ ఎత్తలేదు. ఎత్తితే నేను తట్టుకోలేకపోయేవాణ్ణి.

నిన్న గుడ్లు పగిలాయి. నువ్వుల గింజల్లా పిల్లలు, పెట్టె అడుగంతా కదలాడుతోంది. పెద్దవి సాయంత్రం నుంచి కూత మొదలుపెడితే, మీ నాయనమ్మ తన చాప తెచ్చుకుని వాటి పక్కనే పరుచుకుంది. మీ నాన్న పోయాక ఆ ఇంట్లో చప్పుడే లేదని మీ అమ్మతో అందట. నీ ఉత్తరం సంగతి చెప్పాం. 'అది ఎవరింట్లో పడుకుంటే ఏంటి? ఏటికి రెండు పక్కలా ఉన్నది దాని ఇల్లే. పండక్కి అందరం ఇక్కడే తిందాం, రాత్రికి నేనూ అక్కడికొస్తా. రమ్మని రాయి' అంది. అందుకే ఈ ఉత్తరం. రా తల్లీ.

దీవెనలతో,
నీ బాబాయి
ప్రిహాది

తా.క. ఒక్క నిజం దాచాను. ఆ గురువారం మన వీధిలో పొగ కొట్టనే లేదు. వాన పట్టిందని వాయిదా వేశారు. నేను బండికి ఆఖరి తాడు బిగిస్తుంటే ఆ మాట మైకులో వినపడింది. విని కూడా ముడి వేశాను. మీ నాయనమ్మను మోసం చేశానన్న బాధతో ఇవాళ పొద్దున ఆవిడకు చెప్పేశాను. ఆవిడ బొప్పాయి ఆకులు తుంచుతూ, 'మీ మైకు మాకు వినపడదనుకున్నావా? నువ్వు వంతెన దాటకముందే తెలుసు. అడిగితే పెట్టెలు వెనక్కి తీసుకెళ్తావని అడగలేదు' అంది.