ఆదివారమైతే ఆగండి

ధరావత్ భీమ్లా పెద్ద కూతురిని, హేమ్లిని. యాభై ఆరేళ్లు. పెళ్లి చేసుకోలేదు. ఖమ్మం జిల్లా జూలూరుపాడు మండలం రాళ్లవాగు తండాలో ఉంటూ ఆశ్రమ పాఠశాలలో పాఠాలు చెబుతున్నాను. గుండె బలహీనంగా ఉందని డాక్టరు గారు చెప్పారు. బుద్ధి బాగానే ఉంది. పొద్దున్నే రాములవారికి, మా లంబాడీల గురువు సేవాలాల్ మహారాజుకు దండం పెట్టుకుని, ఎవరి బలవంతమూ లేకుండా రాసుకున్న వీలునామా ఇది.

ఆస్తి కంటే ముందు ఒక పొద్దు సంగతి రాయాలి. తక్కినవన్నీ దాని మీదే నిలబడి ఉన్నాయి.

నిరుడు మాఘమాసంలో ఒక ఆదివారం. మామూలు పొద్దే. పెనం మీద జొన్నరొట్టె కాలుతోంది. కోళ్ల గంప అప్పుడే ఎత్తాను. మా తమ్ముడు తుల్సీరాం అరుగు మీద కూర్చుని చొక్కా గుండీ పెట్టుకోలేక తంటాలు పడుతున్నాడు, వేళ్లు వణుకుతూ. వాడి భార్య జమ్లి వచ్చి, గుండీలన్నీ పెట్టి లోపలికి పోయింది. తాగుడు మానినవాళ్లు ఖమ్మంలో వారం వారం ఒకచోట కూర్చుంటారని దవాఖానాలో నర్సు సుశీలమ్మ చెప్పింది. ఎక్కడో ఆమెకూ తెలియదు. రొట్టెలు మూట కట్టుకుని మొదటి బస్సెక్కాం.

బస్టాండులో దిగి, సారా మానే మీటింగు ఎక్కడని అడిగాను. అందరూ ఒకే దారి చూపించారు. పోయి చూస్తే సారా దుకాణం ముందు ఆడవాళ్ల ధర్నా. చేతుల్లో చీపుళ్లు. మధ్యలో తాగి దొరికిన ఒకాయనకు గుండు గీయిస్తున్నారు. "మంచిగ పట్టుకొచ్చినవమ్మా, కూసోబెట్టు ఈడ" అని ఒకామె మా వాడి జబ్బ పట్టుకుంది. తుల్సీరాం విడిపించుకుని పరుగు. వెనక నేను. ఎదురొచ్చిన ఆటోలోకి దూకి "ఎటన్న పోనీ అన్నా" అన్నాడు. ఆటో నడిపే బసవపున్నయ్య గారు వాడి చేతులు చూసి, "గుండు వద్దు గని, చాయ్ తాగుతవా తమ్మీ?" అన్నారు. తిన్నగా ఒక చర్చి వెనక గదికి తీసుకుపోయారు. ఆయనా తాగుడు మాని ఆ గదిలో కూర్చునే మనిషేనట.

అక్కడ ఎవరూ నీతులు చెప్పలేదు. చాయ్ పోసినాయన తుల్సీరాం గ్లాసులో సగమే పోశారు, ఒలకకుండా. ఆ సగం గ్లాసు రెండు చేతులతో పట్టుకుని నా తమ్ముడు ఏడ్చాడు. నేను గడప బయట కూర్చుని రామనామం చెప్పుకున్నాను. ఆనాటి నుంచి వాడు తాగలేదు. ఒక్క ఆదివారమూ ఆ గదికి పోకుండా ఉండలేదు.

ఇక నా తదనంతరం జరగవలసినవి.

1. వాగు పక్కన నా పేర ఉన్న చెలక, ఈ రెండు గదుల ఇల్లు మా మరదలు జమ్లికి సర్వహక్కులతో చెందాలి. తుల్సీరాం దున్నుకోవచ్చు, పండించుకోవచ్చు. అమ్మడానికీ తాకట్టు పెట్టడానికీ వాడికి హక్కు లేదు. ఈ మాట రాయమన్నది వాడే.

2. అమ్మ వెండి కడియాలు చెల్లెలు మంగ్లికి. "వాణ్ని ఎల్లగొట్టేదాక నీ గడప తొక్క" అని మూడు హోళీలకు రాలేదు మంగ్లి. ఆ బాధ నాకు ఇంకా ఉంది. అయినా కడియాలు తన కాళ్లకే అందమని అది చిన్నప్పటి నుంచీ అంటోంది. నిజమే.

3. నా స్టీలు గ్లాసులన్నీ ఆ మీటింగు గదికి. కొత్తగా వచ్చినవాళ్లకు సగమే పోయాలి.

4. నా టిఫిన్ డబ్బా తుల్సీరాంకు. ఆదివారం రొట్టెలు ఇకమీదట వాడే కాల్చుకోవాలి. నేర్పాను. మాడుస్తాడు గానీ తినొచ్చు.

5. ఇవన్నీ జరిపించే బాధ్యత బసవపున్నయ్య గారిది. ఇక్కడ ఆయన ఇంటిపేరు, తండ్రి పేరు రాయాలట. ఆ గదిలో అవి అడగరు. నేనూ అడగలేదు. ఖమ్మం బస్టాండులో ఏ ఆటో ఆయనను అడిగినా చూపిస్తారు.

6. మా ఇంటి ఆనవాయితీ ప్రకారం చనిపోయినవాళ్ల పేర మగబిడ్డ సారా ధార పోయాలి, పోసిన చెయ్యే మొదటి గుక్క తాగాలి. నాయన పోయిననాడు, ఇంకా మీసాలు రాని తుల్సీరాం తన మొదటి గుక్క అట్లాగే తాగాడు. సర్కారు సారా బందైనా తండాలో గుడుంబా బంద్ కాలేదు. కాబట్టి నా పేర సారా పోయవద్దు. వాడి చేతికి సీసా ఇవ్వవద్దు. బెల్లం నీళ్లు చాలు. నేను పోయింది ఆదివారమైతే, ముందు వాడు మీటింగుకు పోయి రావాలి. అంతదాకా నా శవం ఆగాలి.

ఈ సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి ఇది చదివాను. ఆరోదాని దగ్గర మా కాక రామ్‌చందర్ లేచాడు. "నీళ్ల ధార సచ్చినోళ్లకు ముడ్తదా బిడ్డా? శవాన్ని ఇడిసి బస్సెక్కుతడా వీడు? తండా నవ్వదా?" అన్నాడు. తుల్సీరాం తల వంచుకుని, "ఒక్క గుక్కే గద అక్కా, కానియ్ తియ్" అన్నాడు. జమ్లి కొంగు నోట్లో కుక్కుకుంది.

మాట్లాడింది, కబురు పెడితే వచ్చి గడప అవతలే కూర్చున్న మంగ్లి. "ఒక్క గుక్కతోనే గద ఇంత దాక వచ్చింది. నువ్వు మీటింగుకు పోయి రా తమ్మీ. అక్క కాడ నేను కూసుంట. ఎవడు నవ్వుతడో చూస్త."

చివరికి అందరూ ఒప్పుకున్నది ఇది. ధార బెల్లం నీళ్లదే. తుల్సీరాం పోస్తాడు. ఆ నీళ్ల మొదటి గుక్క తానే తాగుతానని కాక అన్నాడు. ఆదివారమైతే నన్ను వాకిట్లో పడుకోబెడతారు, మంగ్లి పక్కన కూర్చుంటుంది. ఖమ్మం బస్సు వచ్చి, వాడు దిగాకే ఎత్తుతారు.

రాళ్లవాగు తండా, 18-11-1994
(సంతకం) ధరావత్ హేమ్లి

సాక్షులు:
1. ధరావత్ రామ్‌చందర్ (వేలిముద్ర)
2. సుశీలమ్మ, నర్సు (సంతకం)