సున్నాకు రాని ముల్లు

జంషెడ్‌పూర్ బిర్సానగర్‌లో కాపురముంటున్న బంగారురాజు గారి భార్యను, నా పేరు బిందుప్రియ, వయసు ఇరవై ఆరు. ఐదో తరగతి దాకా చదివాను. వచ్చే సోమవారం నాకు గుండె ఆపరేషను. తెలివి సరిగ్గా ఉండగా, ఎవరూ పక్కన కూర్చుని చెప్పకుండా, ఈ వీలునామా నా చేత్తో రాస్తున్నాను. దీన్ని జరిపించే బాధ్యత మా ఆయనది.

1. వాచీలు బాగుచేసే మా మావయ్య, కీర్తిశేషులు వరహాలు గారు వదిలివెళ్ళిన మూడు జేబుగడియారాల మిషన్లు నావని అనుకుంటున్నాను. మూడూ పాతకాలం క్రోనోగ్రాఫులు, అంటే మీట నొక్కి సెకన్లు కొలిచేవి. వెండి కేసులు ఎప్పుడో కరిగించేశారు. మిషను, డయలు, ముళ్ళు మిగిలాయి. "ఇవి కోడలివి" అని మావయ్య అత్త ముందు అన్నారు. తండ్రి వస్తువులు కొడుకులవని మరిది అంటున్నాడు. ఏది న్యాయమో నాకు తెలియడం లేదు. నావైతే ఇస్తున్నాను, కాకపోతే ఇలా పంచమని అడుగుతున్నాను.

2. మొదటి మిషను మా ఆయనకు. రోజూ పొద్దున్న కీ ఇవ్వాలి. డ్యూటీ తొందరలో గట్టిగా తిప్పకూడదు.

3. రెండోది మరిది హరికిరణ్‌కు. చుట్టాల ముందు "ఏటొదినా, ఘడీవాలీ అయిపోనావా?" అని, గడియారాల దుకాణందాన్నన్నట్టు, అందరినీ నవ్వించాడు. అందుకని ఇవ్వకూడదనుకుని ఈ అంశం కొట్టివేశాను. మళ్ళీ రాస్తున్నాను, ఇవ్వండి. ఆసుపత్రికి నన్ను తిప్పింది అతని స్కూటరే.

4. మూడోది మా అత్త భద్రమ్మకు. ఇది డాక్టర్లు నాడి చూసే గడియారం. మీట ఒకసారి నొక్కితే పొడుగు ముల్లు పరుగెడుతుంది, రెండోసారి ఆగుతుంది, మూడోసారి సున్నాకు వస్తుంది. ముప్ఫై దెబ్బలు లెక్కపెట్టి ఆపితే, ముల్లు చూపించే అంకె నాడి వేగం. మామగారు కోడలి చెయ్యి పట్టుకోకూడదు కనుక అత్త నా మణికట్టు పట్టుకుని పైకి లెక్కపెట్టేది. మావయ్య గోడవైపు తిరిగి మీట నొక్కేవారు.

ఒక సాయంత్రం అత్త లెక్క తప్పింది. "ఆపేయండి, తప్పిపోనాను. మల్లీ మొదట్నించి లెక్కెడదాం" అంది. మావయ్య ఆపారు. ఆపి, కుర్చీలోనే ఒరిగిపోయారు. మళ్ళీ లేవలేదు. ముల్లు అక్కడే ఉంది.

అది నా ఆయుష్షు లెక్క అనీ, కదిపితే నాకేదో అవుతుందనీ అత్త భయం. సున్నాకు తేకపోతే మిషను పాడవుతుందని మా ఆయన. "ముట్టుకున్నావంటే సూడు" అని అత్త దాన్ని బియ్యం డ్రమ్ములో దాచింది. ఆ అంకె నాదా, మావయ్యదా? లెక్కే తప్పినప్పుడు అసలు ఎవరిదైనా అవుతుందా? ఎంత ఆలోచించినా తేలలేదు.

5. మావయ్య పనిచేసేటప్పుడు కంటికి పెట్టుకునే భూతద్దం పక్కింటి శ్రీదేవికి. సూదిలో దారం ఎక్కక తిట్టుకుంటూ ఉంటుంది.

6. నేను ఇంటికి తిరిగివస్తే ఈ కాగితం చెల్లదు. రాకపోతే, అత్త తన చేత్తోనే ఆ మీట మూడోసారి నొక్కాలి. ఎవరూ ముల్లును కదపలేదు, అయినా నేను వెళ్ళాను. కనుక అది నా లెక్క కాదు, ఆమె తప్పూ కాదు. ముల్లు సున్నాకు వచ్చాక మా ఆయన ఆమె మణికట్టు పట్టుకుని మొదటినుంచి లెక్కపెట్టాలి. కొడుకే గనుక గోడవైపు తిరగనక్కర్లేదు.

తేదీ: 11-02-2024, బిర్సానగర్

(సంతకం) బిందుప్రియ

చూస్తుండగా సంతకం చేసిందని సాక్షులు:
రత్నం, ఎదురింటి ఆవిడ
హరిప్రసాద్, రత్నం గారి భర్త