హుస్సేన్‌బీ పేరు

అల్ ఖర్జ్, సౌదీ, శుక్రవారం రాత్రి

ఆడపిల్ల! మా అమ్మాయి రాధకు ఆడపిల్ల పుట్టింది, పెళ్లైన తొమ్మిదేళ్లకు! ఫోన్ పెట్టేశాక కనిపించిన ప్రతివాడికీ చెప్పాను, పాకిస్తానీ డ్రైవరుకు కూడా.

మొదట చెప్పాల్సిన మనిషి మాత్రం లేదు. హుస్సేన్‌బీ పోయి నేటికి ఎనిమిది రోజులు. ఈ పాల ఫారానికి వచ్చిన మొదటి తెలుగు ఆడమనిషి ఆమే. మా యజమాని కఫీల్ ఇంట్లో వంట చేస్తూనే మా క్యాంపుకు పప్పుచారు పంపేది. మొన్న యుద్ధంలో రియాద్ మీద క్షిపణులు పడుతుంటే అందరం పెట్టెలు సర్దుకున్నాం. ఆమె కదల్లేదు.

"నేను నాటిన మునగచెట్టుకు నీళ్లెవరు పోస్తారబ్బీ?" అంది. సిగ్గేసి నేనూ ఉండిపోయాను.

నిద్రలోనే పోయింది. సమాధి మీద ఒక రాయి పెట్టారు, పేరు రాయలేదు. ఇక్కడి పద్ధతి అంతే. ముస్లిం కానివాళ్లను లోపలికి రానివ్వరు గనక నేను గేటు బయట నిలబడి చూశాను.

ఇవాళ ఫోన్‌లో మా ఆవిడ పాపకు పేరు అడగ్గానే "హుస్సేనమ్మ" అన్నాను.

"పెట్టుకుందాంలే. మీ నాయనా హుస్సేనయ్యే గదా, పీర్లకు మొక్కితే పుట్టినోడు. అల్లుడే ఏమంటాడో, సినిమా పేర్లు ఎతుకుతాండాడు" అని నవ్వింది.

ఒప్పుకుంటాడో లేదో...

చెప్పాల్సినవాళ్లు: దమ్మాంలో తమ్ముడు. రాయచోటిలో అక్క. అల్లుడి అన్న, పేరు విషయం ఆయనే నచ్చజెప్పాలి. కడపలో హుస్సేన్‌బీ చెల్లెలు. అక్క పోయిన సంగతి ఆమెకు ఇంకా ఎవరూ రాయలేదు. రెండూ ఒకే జాబులో రాయాలి. ముందు పాప సంగతి రాస్తాను.