పదడుగుల ముగ్గు

నవంబర్ 4, మంగళవారం

బొంతల ఆర్డర్లు పదకొండు. నడుము ఒక్కటే.

చలి మొదలైతే చాలు, సూర్యాపేటలో అందరికీ వాళ్లమ్మల పాత చీరలు గుర్తొస్తాయి. మూట కట్టి తెచ్చి, నెలలోపు బొంత కావాలంటారు. మామూలు మిషన్ మీద ఐదు పొరల చీరలు తోయడమంటే దున్నపోతును సందులో వెనక్కి మళ్లించినట్టే. ఇవాళ ఫోనులో లాంగ్ ఆర్మ్ అనే బొంతలు కుట్టే మిషను వీడియో చూశాను. అందులో బట్ట కదలదు. పెద్ద ఫ్రేముకు ఈ చివరా ఆ చివరా రోలర్లు, వాటికి బట్టను చుట్టి బిగిస్తారు. మిషనే పట్టాల మీద అటూ ఇటూ పోతుంది. మనిషి రెండు పిడులు పట్టుకుని దాన్ని నడపడమే. నాలుగుసార్లు చూశాను. అన్నం మాడింది.

నవంబర్ 6

ఇళ్లలో పెట్టుకునే ఫ్రేములు ఐదడుగుల నుంచి పన్నెండు దాకా ఉన్నాయట. డబుల్ కాట్ బొంత వెడల్పు ఏడున్నర. అంటే నాకు పదడుగులది కావాలి. ముందు గది పదకొండున్నర, పడుతుంది. కానీ అక్కడ గోడ వెంట అత్తమ్మ మంచం ఉంది.

ఈ మాట రాశాక ఇంకేమీ రాయాలనిపించడం లేదు.

నవంబర్ 7, ఉదయం 10

కాగితం మీది కొలతలు నా బుర్రకు ఎక్కవు. ముగ్గుపిండి తెచ్చి గది నేల మీద పదడుగుల ఫ్రేము గీశాను. మంచం సగానికి సగం ముగ్గులో పడింది. మా ఆయన కిషన్ ఆటో తీయడానికి బయల్దేరి, గోడకు ఆనుకుని ఒదిగి ఒదిగి పోయాడు. ఎందుకట్లా అంటే, ముగ్గును ఎవరైనా తొక్కుతారా అన్నాడు. మంచిదే. నాలుగు రోజులు ఉంచితే ఇంట్లో నడక సాగుతుందో లేదో తెలిసిపోతుంది.

 కూరలో ఉప్పు నుంచి కలెక్టరు దాకా అన్నిటి మీదా ఓ మాట విసిరే మా అత్తమ్మ మణెమ్మ, మంచం కిందికి గీత వచ్చినా నోరు విప్పలేదు. నాకు బొంత నేర్పింది ఆవిడే. చికున్‌గున్యా వచ్చి పోయాక వేళ్లు బిగుసుకుపోయాయి. రెండేళ్లుగా సూది పట్టలేదు. ఆ మంచం మీద కూర్చునే నా కుట్లకు వంకలు పెడుతుంటుంది. అది కూడా లేకుండా చేసి వరండాలోకి ఎట్లా పంపను?

నవంబర్ 8

నేల లెవల్ లేకపోతే మిషను దానంతటదే పల్లానికి జారిపోతుందట. గోలీ తెచ్చి నాపరాళ్ల మీద వదిలాను. నేరుగా అత్తమ్మ మంచం కిందికి పోయింది. మళ్లీ వదిలాను, మళ్లీ అక్కడికే. మొత్తం తొమ్మిదిసార్లు. ముప్పై ఏళ్లు ఈ బండలు కడిగిన నన్ను అడిగితే నీళ్లు ఎటు పోతాయో చెప్పేదాన్ని కదా అంది అత్తమ్మ. ఫ్రేము కాళ్లకు స్క్రూలుంటాయట, ఎత్తు సరిచేసుకోవచ్చు.

నవంబర్ 10

మిర్యాలగూడ. రైస్ మిల్లులకు జల్లెడ ఫ్రేములు చేసే గోపాల్‌కు ఫొటోలు చూపించి, నువ్వే చేసిపెడతావా అని అడిగాను. ఫ్రేము చేయగలను గానీ, పట్టాలు అంత నున్నగా రావు, కొనుక్కోవడమే మేలన్నాడు. పదడుగుల పైపు నడుమ వంగుతుందేమో చూసుకోమని కూడా చెప్పాడు. చేతికొచ్చిన పనిని ఇట్లా వదులుకునేవాళ్లు తక్కువ. పైగా చాయ్ తాగించాడు.

నవంబర్ 12

అత్తమ్మ ముగ్గు చెరగకుండా చుట్టూ ఊడుస్తోంది.

నవంబర్ 14, సాయంత్రం

కోదాడ పోయొచ్చాం. అక్కడ లీలావతి గారని రిటైరైన డ్రాయింగ్ టీచరు, వాళ్లింట్లో ఆరడుగుల ఫ్రేము ఉంది. మునగాలలో చెల్లెల్ని చూడాలంటూ అత్తమ్మ కూడా బస్సెక్కింది. మునగాల వచ్చింది. దిగలేదు. అడ్డుపుల్ల వేయడానికే వస్తోందనుకున్నాను.

ఐదు పొరల చీర ముక్క ఒకటి పట్టుకుపోయాను. మెల్లగా నడిపితే తీసుకుంటుందండీ అంటూ లీలావతి గారు కుట్టి చూపించారు. బాగానే తీసుకుంది. ఆరడుగుల మీద పెద్ద బొంత ఎట్లా అంటే, సగం కుట్టి, విప్పి, తిప్పి బిగించాలన్నారు. అంత పని ఎవరు పడతారులే అనుకున్నాను. రోలరు లావెక్కుతుంటే కుట్టడానికి ఎంత చోటు మిగులుతుంది, నూనె ఎన్నాళ్లకు వేయాలి అని అడుగుతూ ఆవిడకు ఊపిరాడనివ్వలేదు. ఇంతలో మిషను చప్పుడు. తిరిగి చూస్తే అత్తమ్మ స్టూలు మీద కూర్చుని ఉంది. తిరగలి పిడంత లావున్న ఆ పిడులను అరచేతులతో నెట్టుకుపోతోంది. వేళ్లు మడవాల్సిన పనే లేదు. గీత వంకరటింకరగా పోయింది, కానీ ఆ చివరిదాకా పోయింది. అడ్డుపుల్ల అనుకున్నందుకు నాకు సిగ్గేసింది.

తిరుగు బస్సులో మంచం సంగతి నేనే ఎత్తాను. పదడుగులది పెడితే మంచం వరండాలోకి పోవాల్సిందేనని చెప్పేశాను. అప్పుడు మాట్లాడింది.

"పదడుగులు ఎందుకే? ఎన్నడన్న బొంతను మొత్తం పరుసుకొని కుట్టినమా? కుట్టినదాని మీద కూసొని, కుట్టనిది కుట్టుకుంట పోయినం. నా మంచం ఏడికీ పోదు."

నిజమే. నాకు నేర్పినప్పుడు కూడా అట్లాగే నేర్పింది. తర్వాత కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. చేతులు మాత్రం ఒళ్లో కదులుతున్నాయి.

నవంబర్ 15, ఉదయం

ముందు గదిలో పదడుగుల గీత లేదు, తుడిచేసి ఉంది. మంచాన్ని వదిలి, దాని పక్కన ఆరడుగులది కొత్తగా గీసి ఉంది. పిండి వేళ్లలో నిలవక గీత పొడవునా బొట్లు బొట్లుగా పడింది. దాన్ని ఆనుకుని చిన్న చదరం ఒకటి. టేపు పెట్టి కొలిచాను. మా స్టూలు సరిగ్గా అంతే.